వాలు మడికి రంగుల హోస్టాలు

నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ్టి విషయం చెప్పుకోడానికి చిన్నదే. తోటలో ఒక ఏటవాలు మడి ఉంది. పైన చెట్లు, కింద నీడ. పూల మొక్కలు పెడితే పూయవు. గడ్డి వేస్తే పలచబడిపోయి నాచు పడుతుంది. మిగతా తోట ఎంత ముచ్చటగా ఉన్నా అటువైపు చూస్తే ఏదో దిగులుగా ఉంటుంది. అక్కడ హోస్టాలు, అంటే రంగురంగుల ఆకుల మొక్కలు, పెట్టి వెలుగు తేవాలి. మరి ఏవి కొనాలి?

మనలో చాలామంది చేసే పని ఏమిటంటే, క్యాటలాగ్ తెరిచి పసుపుది ఒకటి, నీలంది ఒకటి, తెల్లంచుది ఒకటి, మధ్యలో తెలుపున్నది ఇంకొకటి అని టిక్కులు పెట్టుకుంటూ పోతాం. చదునైన మడిలో ఈ పద్ధతి ఎలాగోలా నెట్టుకొస్తుంది. వాలులో కుదరదు. వాలులో నాలుగడుగులు పైకి వెళ్తే చాలు, తేమ మారిపోతుంది, వెలుతురు మారిపోతుంది, చలి కూడా మారిపోతుంది. ఒకే దుబ్బుని విడదీసి సగం పైన, సగం కింద నాటితే రెండూ వేరే రకాలని పందెం కాసేవాళ్ళు ఉంటారు. అందుకని నా సలహా ఏమిటంటే, రంగుల సంగతి ఆఖర్న చూద్దాం. ముందు మీరు ఎక్కడ నిలబడి ఆ మడిని చూస్తారో, నీరు ఎక్కడ నిలబడుతుందో తేల్చుకోండి. ఈ రెండూ తేలాక రంగుల్లో చాలా భాగం వాటంతటవే తేలిపోతాయి.

కొత్తవాళ్ళ కోసం హోస్టా గురించి రెండు మాటలు. ఇది ఆకు అందం కోసం పెంచే మొక్క. చలికాలంలో పైన ఉన్నదంతా ఎండిపోయి, నేలలో వేరు, మొదలు మాత్రం మిగిలి, వసంతంలో మళ్ళీ మొలుస్తుంది. సొంత గడ్డ జపాన్, కొరియా, చైనా, రష్యా తూర్పు కొస. 1812లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ట్రాటినిక్ దీనికి తన సాటి శాస్త్రజ్ఞుడు నికోలస్ హోస్ట్ పేరు పెట్టాడు. 1823 నుంచి 1829 దాకా జపాన్‌లో ఉన్న సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు ఐరోపాకి చేర్చిన మొక్కల్లో హోస్టాలు కూడా ఉన్నాయి. ఇవాళ మనం చూసే నీలి రకాల్లో చాలావాటి వంశం వెతికితే ఆయన పేరు మీదున్న సీబోల్డియానా జాతి దగ్గరికే వెళ్తుంది. అడవి జాతులు కొన్ని పదులే. పేరు పెట్టి నమోదు చేసిన తోట రకాలు మాత్రం వేలల్లో ఉన్నాయి. కాబట్టి అన్నీ తెలుసుకుని కొందామనుకుంటే ఈ జన్మకి కొనలేం.

మన విషయానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. జపాన్‌లో లాంజిపెస్, హైపోల్యూకా అనే జాతులు రాళ్ళ పగుళ్ళలో, నిటారు కొండచరియల మీద వేలాడుతూ పెరుగుతాయి. పిడికెడు మట్టి, ఎప్పుడూ తడి గాలి, పక్కనుంచి పడే వెలుతురు ఉంటే చాలు వాటికి. అంటే వాలు అనేది హోస్టాకి కొత్తేమీ కాదు. తేడా ఎక్కడంటే, ఆ కొండల మీద వాన, మంచు తడి ఎడతెగకుండా ఉంటాయి. మన మడికి ఆ తడి మనమే ఇవ్వాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మీరు ఎక్కడ నిలబడి చూస్తారు?

చదునైన మడిలో పొడుగువి వెనక, పొట్టివి ముందు అని ఒక సూత్రం ఉంది కదా. కింద నిలబడి వాలుని చూసేవాళ్ళకి ఆ సూత్రంతో పనిలేదు. నేలే వెనక మొక్కని పైకి ఎత్తి చూపిస్తుంది. వాలు బాగా ఉంటే, మడి సగం ఎత్తులో ఉన్న మొక్క సరిగ్గా మన కళ్ళ ముందు ఉంటుంది. చదునైన నేల మీద వంగి చూడాల్సిన జానెడు రకాలు ఉంటాయే, 'బ్లూ మౌస్ ఇయర్స్' లాంటివి, వాటికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. రాళ్ళ వరస కట్టి, ఆ రాళ్ళ మధ్య జేబుల్లో పెట్టండి. చిన్న రకాలు నీరు చాలక పోయేదానికన్నా నీరు నిలిచి మొదలు కుళ్ళిపోయే ప్రమాదమే ఎక్కువ కాబట్టి వాలు వాటికి ఆరోగ్యం కూడా.

కింద నుంచి చూసేవాళ్ళకి ఇంకో లాభం ఉంది. ఆకు అడుగు కనిపిస్తుంది, కాడ కనిపిస్తుంది. నేను ఇందాక చెప్పిన హైపోల్యూకాకి ఆకు అడుగున తెల్లని పూత ఉంటుంది. చదును మడిలో దాన్ని ఎవరూ చూడరు. వాలు మీద గాలికి ఆకు ఊగినప్పుడల్లా ఆ తెలుపు బయటపడుతుంది. అలాగే ఎర్ర కాడల రకాలు. 'ఫైర్ ఐలండ్' తీసుకోండి. వసంతంలో ఆకు మంచి పసుపు, కాడ ఎరుపు, ఆ ఎరుపు ఆకు మొదట్లోకి కాస్త పాకి ఉంటుంది. పైనుంచి చూస్తే అది పసుపు మొక్క. కింద నుంచి చూస్తే రెండు రంగుల మొక్క. 'క్రోసా రీగల్' లాగా నిటారుగా లేచి పైన విచ్చుకునే రకాలు కూడా కింద నుంచే అందం.

ఇల్లు పైన ఉండి, మడి కిందికి దిగుతూ ఉంటే కథ మొత్తం తిరగబడుతుంది. అప్పుడు మీకు కనిపించేది ఆకుల ముఖాలు, దుబ్బుల గుండ్రటి ఆకారం. పెద్ద ఆకులూ, అంచు స్పష్టంగా ఉన్న ఆకులూ రాణిస్తాయి. ఎర్ర కాడలకి పెట్టిన డబ్బు దండగ. లోపలికి వంగిన ఆకుల రకాలు పైనున్న చెట్టు రాల్చిన పుప్పొడి, పూరెక్కలు, ఎండుటాకు అన్నీ పట్టుకుని కూర్చుంటాయి. పైనుంచి చూసేవాళ్ళకి ఆ చెత్తంతా కనిపిస్తుంది. చెట్టు కిందైతే వాటిని మానెయ్యడం మేలు.

దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. సన్నటి తెల్లంచు దగ్గర్నుంచి ముచ్చటగా ఉంటుంది. ముప్పై అడుగుల దూరం నుంచి ఆ తెలుపూ పచ్చా కలిసిపోయి ఒక బూడిదరంగు మసకగా కనిపిస్తుంది. దూరం నుంచి వెలుగు చూపించేది నిండు పసుపు, లేత పసుపుపచ్చ. కిటికీలోంచి చూసే మడి అయితే ఆకు మొత్తం పసుపుగా ఉన్న రకాలే వెన్నెముక కావాలి. పక్కనే నడకదారి ఉండి, రోజూ ఆగి చూసే మడి అయితే అంచుల పనితనం, ఈనెల అందం ఉన్న రకాలకి ఖర్చు పెట్టొచ్చు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మాత్రమే తోటలోకి వెళ్తారా? మసక వెలుతురులో అన్నిటికన్నా ఆఖరి దాకా కనిపించేది తెలుపు. 'పేట్రియట్' లాంటి వెడల్పు తెల్లంచు రకం అప్పుడు పసుపుని మించిపోతుంది.

రెండో ప్రశ్న, నీరు. ఇది తేల్చుకోడానికి పరికరాలేం అక్కర్లేదు. వాన వెలిసిన మర్నాడు వెళ్ళి, పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, కింద ఒకచోట జానెడు లోతు తవ్వి మట్టి చేత్తో పిండి చూడండి. పైన పొడిపొడిగా రాలుతుంది, కింద ముద్ద అవుతుంది. చెట్ల వేళ్ళు ఎక్కడ దట్టంగా ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. మేపుల్, బర్చ్ లాంటి చెట్లకి పీచువేళ్ళు నేల పైపొరలోనే ఉంటాయి. అవి హోస్టా నోటి దగ్గర నీళ్ళు లాగేసుకుంటాయి. వేళ్ళు మరీ దట్టంగా ఉన్న చోట పోరాడకండి, ఆ చోటు వదిలేసి రెండడుగులు పక్కకి జరగండి.

హోస్టాకి పెరిగే కాలంలో వారానికి ఒక అంగుళం నీరు కావాలి. వాలులో పైన పోసిన అంగుళంలో సగం కిందికి జారిపోతుంది. 'ఈ రకం ఎండని తట్టుకుంటుంది' అని లేబుల్ మీద రాసి ఉంటుంది చూశారా, దాని అర్థం నీరు సరిగ్గా ఉంటే తట్టుకుంటుందని. ఆ రెండో ముక్క లేబుల్ మీద రాయరు. మడి పైభాగంలో వెలుతురు ఎక్కువ, తేమ తక్కువ. హోస్టా ఆకు అంచులు మాడేది అక్కడే. పైభాగానికి డ్రిప్ పైపు వెయ్యగలిగితే మీ ఎంపిక రెట్టింపవుతుంది. వెయ్యలేకపోతే మధ్య రకం సైజులో, కాస్త మందపు ఆకున్న 'ఆగస్ట్ మూన్' లాంటి వాటితో సరిపెట్టుకోండి. లాన్సిఫోలియా అని సన్నాకు రకం ఒకటుంది. పాతది, ఫ్యాషన్ కాదు, అంతా మామూలు పచ్చ. కానీ ఏ చోటుకైనా సర్దుకుపోతుంది, దగ్గర దగ్గరగా వేస్తే నేల కప్పేస్తుంది.

చలి సంగతి చాలామంది మర్చిపోతారు. చల్లగాలి బరువు. రాత్రిపూట అది వాలు వెంట కిందికి జారి అడుగున చేరుతుంది. వసంతంలో ఆలస్యంగా ఒక మంచు రాత్రి వస్తే అప్పుడే విచ్చుకున్న ఆకులు అడుగు భాగంలో ముందు పాడవుతాయి. మోంటానా 'ఆరియోమార్జినాటా' చాలా అందమైన మొక్క, పెద్ద ఆకు, పసుపు అంచు. కానీ అందరికన్నా ముందు నిద్రలేచే రకం. దాన్ని అడుగున పెడితే ఏటా టెన్షనే. కాస్త పైకి జరపండి. 'హాల్సియన్' ఆలస్యంగా లేస్తుంది, అది అడుగున నిశ్చింతగా ఉంటుంది.

ఇప్పుడు రంగులు. ఒక్కొక్క రంగుకీ ఒక్కో స్వభావం.

నీలం నిజానికి ఆకులో ఉన్న రంగు కాదు. ఆకు పచ్చదే, దాని మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. నల్ల ద్రాక్ష మీద వేలితో రుద్దితే చెరిగిపోయే బూడిద ఉంటుంది చూడండి, అచ్చం అలాంటిదే. నీలి హోస్టా ఆకుని కూడా బొటనవేలితో గట్టిగా రుద్దితే ఆ మేరకు పచ్చ బయటపడుతుంది, ఆ ఆకు ఉన్నంతకాలం ఆ మచ్చ అలాగే ఉంటుంది. ఎండ, వేడి, పైనుంచి కొట్టే నీళ్ళు, చెట్టు నుంచి కారే చినుకులు, అన్నీ ఆ పూతని అరగదీస్తాయి. అందుకే వసంతంలో నీలంగా కొన్న మొక్క వేసవి చివరికి పచ్చగా అవుతుంది. అది మోసం కాదు, దాని తీరే అంత. నీలాన్ని ఎక్కువ రోజులు నిలుపుకోవాలంటే మధ్యాహ్నపు ఎండ తగలని చోట, నీళ్ళు మొదట్లో పోసేలా, చెట్టు ఆకుల చివర్ల నుంచి ధార పడే గీతకి తప్పించి నాటాలి. వాలులో అది సాధారణంగా దిగువ భాగం. జర్మనీలో గియోర్గ్ ఆరెండ్స్ 1905లో తెచ్చిన 'ఎలిగన్స్' ఇప్పటికీ నీలానికి కొలబద్దే. 'బ్లూ ఏంజెల్' ఇంకా పెద్దది. 'హాల్సియన్' మధ్యరకం, నా లెక్కలో వీటన్నిటికన్నా నమ్మకస్తురాలు.

అయితే నీలంతో ఒక చిక్కుంది. నీలం వెనక్కి తగ్గే రంగు. చీకటి మూలలో నీలి మొక్క పెడితే ఆ మూల ఇంకా లోతుగా, ఇంకా చీకటిగా కనిపిస్తుంది. మొక్కకి నచ్చే చోటూ, మన కంటికి కావాల్సిన చోటూ ఇక్కడ పడవు. దీనికి నేను చేసేది ఏమిటంటే, దిగువ నీడలో నీలాన్ని దారి పక్కకి, మన కాళ్ళ దగ్గరికి తెస్తాను. దగ్గరగా ఉంటే నీలం నీలంగానే కనిపిస్తుంది. దాని వెనక చీకట్లో తెల్లంచుది గానీ లేత పసుపుది గానీ ఒక దుబ్బు పెడతాను. పక్కన పసుపు ఉంటేనే నీలం నీలంలా తెలుస్తుంది.

పసుపు రకాలు దీనికి సరిగ్గా ఎదురు. వీటికి కొంచెం ఎండ కావాలి. పొద్దున్న రెండు మూడు గంటల లేత ఎండ తగిలితే బంగారంలా మెరుస్తాయి, గాఢమైన నీడలో ఆకుపచ్చగానే ఉండిపోతాయి. కొన్ని రకాలు వసంతంలో పచ్చగా మొలిచి వేసవికి పసుపెక్కుతాయి. కొన్ని పసుపుగా మొలిచి పచ్చబడతాయి. కొనేముందు ఇది అడగండి. అన్నీ పచ్చబడే రకాలైతే వేసవి నడుమకి మీ మడి మళ్ళీ మొదటికొస్తుంది. 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' పేరు వినే ఉంటారు. 1980 నాటి రకం, 2004లో ఆ ఏటి మేటి హోస్టాగా ఎంపికైంది. ఆకు మందం, నత్తలు అంతగా ముట్టవు, వెలుతురుని బాగా తట్టుకుంటుంది. కానీ అయిదారు అడుగుల వెడల్పు మొక్క అది, దాహం కూడా ఒంటికి తగ్గట్టే ఉంటుంది. వాలు నడుమ కన్నా కాస్త కింద, పొద్దుటి ఎండ పడే చోట ఒక్కటి పెడితే చాలు. రెండు పెడితే మడిలో ఇంకేమీ కనిపించదు.

ప్లాంటాజీనియా అనే చైనా జాతి వంశంలో వచ్చినవి ఎండకి ఇంకా ఓర్చుకుంటాయి, పువ్వు వాసన కూడా బాగుంటుంది. 'గ్వాకమోలి', దాని నుంచి పుట్టిన 'స్టెయిన్డ్ గ్లాస్' ఆ కుటుంబమే. 'స్టెయిన్డ్ గ్లాస్' ఆకు నడుమ మెరిసే పసుపు, అంచు ముదురు పచ్చ. వెలుతురు ఆకు వెనక నుంచి పడే చోట నాటండి. వాలులో సాయంత్రపు ఎండ పక్కనుంచి వాలే చోటు ఒకటి ఉంటుంది, వెతికి పట్టుకోండి. అక్కడ పెడితే ఇంక వేరే అలంకారం అక్కర్లేదు.

తెలుపు దగ్గర జాగ్రత్త. తెల్లగా ఉన్న భాగంలో పత్రహరితం ఉండదు, అంటే ఆ భాగం మొక్కకి తిండి తయారు చెయ్యదు. అంచు తెలుపైతే నడుమ ఉన్న పచ్చ మొత్తం మొక్కని పోషిస్తుంది, బాగానే పెరుగుతుంది. 'పేట్రియట్' అలాంటిదే. నడుమ తెలుపైతే లెక్క తారుమారవుతుంది. 'ఫైర్ అండ్ ఐస్' అంటే 'పేట్రియట్' ఆకుని తిరగేసినట్టు, నడుమ తెలుపు, అంచు పచ్చ. చూపు తిప్పుకోలేం. కానీ మెల్లగా పెరుగుతుంది, మధ్యాహ్నపు ఎండకి తెలుపు మాడి చిల్లు పడుతుంది, మరీ చీకట్లో పెడితే పచ్చ అంచుకి వెలుతురు చాలక మొక్కే చిక్కిపోతుంది. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' కూడా ఇలాంటి గారాబాల పిల్లే. వాలులో నీరు నిలకడగా ఉండదు కాబట్టి ఇలాంటివి మొదటి ఏడాదే కొనొద్దంటాను. మడి స్థిరపడ్డాక ఒకటి తెచ్చుకోండి.

నడుమ పసుపు ఉన్నవి దానికన్నా తేలిక. 'జూన్' గురించి కాస్త ఆగి చెప్తాను. ఇది 'హాల్సియన్'లో మార్పు వచ్చి పుట్టిన రకం, 2001లో ఆ ఏటి మేటి హోస్టా. దగ్గరగా వెళ్ళి ఒక ఆకు పట్టుకుని చూడండి. నడుమ పసుపు, అంచు నీలిపచ్చ. రెండూ కలిసే చోట తిన్నటి గీత ఉండదు. నీలిపచ్చ లోపలికి చారలు చారలుగా దిగుతుంది, ఆ చారల్లో మూడో రంగు, లేత పచ్చ, తేలుతుంది. ఏ రెండు ఆకుల్లోనూ ఆ చారలు ఒకేలా ఉండవు. వెలుతురు ఎక్కువైతే నడుమ మీగడ రంగుకి వస్తుంది, తక్కువైతే మొత్తం పసుపుపచ్చగా ఉంటుంది. వాలు పొడుగునా ఎగువ, నడుమ, దిగువ మూడు చోట్ల 'జూన్' ఒక్కటే పెట్టినా మూడు ఛాయలు వస్తాయి. నన్నడిగితే రంగురంగుల వాలు కావాలనుకునేవాళ్ళు ముందు కొనాల్సింది ఇదే.

'ఫ్రాన్సెస్ విలియమ్స్' అడుగుతారని తెలుసు. 1936లో కనెక్టికట్‌లోని ఒక నర్సరీలో, సీబోల్డియానా వరసల మధ్య, పసుపు అంచుతో ఉన్న ఒక్క మొక్కని ఫ్రాన్సెస్ విలియమ్స్ గమనించి తీసుకున్నారు. ఆవిడ పేరే ఉండిపోయింది. చాలా కాలం హోస్టా అంటే అదే. అయితే దాని అంచు నడుమంత వేగంగా పెరగదు, వసంతంలో అంచు చిట్లుతుంది, ఎండ తగిలితే ఆ పసుపు గోధుమరంగులోకి మాడుతుంది. మంచి నీడ, మంచి తేమ ఉన్న దిగువ భాగం ఉంటే పెట్టండి. లేదంటే చరిత్రకి దండం పెట్టి పక్కకి జరగండి.

ఎలా సర్దాలి అన్నదానికి ఎక్కువ చెప్పను. కళ్ళకి తెలిసిపోయే పనే అది. అంచురకాలు పక్కపక్కన పెట్టకండి. ఒక అంచురకానికీ ఇంకో అంచురకానికీ మధ్య ఒకే రంగు ఉన్న మొక్క రావాలి. మామూలు పచ్చని చిన్నచూపు చూడొద్దు, మిగతా రంగులు కనిపించేది దానివల్లే. ఒక్కో రకం ఒక్కోటి కాకుండా మూడేసి, అయిదేసి గుంపులుగా, వాలుకి అడ్డంగా ఐమూలగా నడిచేలా నాటండి. నిలువు వరసలు వద్దు. చూపుకీ బాగుండవు, నీళ్ళు కూడా వరసల మధ్య కాలవ కట్టుకుని పోతాయి. హకోనెక్లోవా అనే జపాన్ గడ్డి ఉంది, పసుపు చారలది, వాలు కిందికి ఒరిగి పారుతున్నట్టు ఉంటుంది. హోస్టా గుండ్రటి ఆకు పక్కన అది, వెండిరంగు జపాన్ ఫెర్న్, ఇవి రెండూ చాలు. ఆస్టిల్బీ అనే పూల మొక్క పెట్టాలనుకుంటే అడుగు తడి భాగంలోనే, దాని దాహం హోస్టా కన్నా ఎక్కువ.

నాటడం గురించి మాత్రం వివరంగా చెప్పాలి, వాలులో మొక్క బతికేదీ పోయేదీ అక్కడే. వాలు వెంట పారతో నిలువుగా గుంట తీసి మొక్క దింపేస్తే ఏమవుతుంది? పైవైపు మొదలు మట్టిలో కూరుకుపోతుంది, కిందివైపు వేళ్ళు బయటపడతాయి. అలా కాదు. ముందు వాలుని అడ్డంగా కోసి రెండడుగుల వెడల్పు చిన్న మెట్టు చెయ్యండి. తవ్విన మట్టిని కిందివైపు అర్ధచంద్రాకారంలో నాలుగంగుళాల ఎత్తు గట్టుగా వేసి, కాలితో గట్టిగా తొక్కండి. ఆ గట్టుకి ఒకటి రెండు రాళ్ళు సగం పూడ్చి ఆనించండి. ఇప్పుడు మీకు సమతలంగా ఒక పాదు వచ్చింది. గుంట లోతు కన్నా వెడల్పు ఎక్కువ ఉండాలి, హోస్టా వేళ్ళు పక్కలకి పోతాయి. చివికిన ఎరువు, ఆకుమన్ను బాగా కలపండి. కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే విప్పి పరవండి. మొదలు పాదు మట్టానికి సమంగా ఉండాలి. నీళ్ళు పోసి చూడండి, పాదులో ఇంకాలి, గట్టు దాటకూడదు. దాటితే గట్టు ఇంకో అంగుళం లేపండి.

పైన రెండు మూడంగుళాల మల్చ్, అంటే నేలని కప్పే పొర, వెయ్యండి, మొదలుకి తగలకుండా. వాలు మీద బెరడు ఉండలు వేస్తే ఒక్క గట్టి వానకి దొర్లిపోయి అడుగున పోగవుతాయి. పీచుపీచుగా తురిమిన బెరడు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని నిలుస్తుంది. ఏడాదికోసారి వసంతంలో వెళ్ళి చూస్తూ ఉండండి, పైన మొక్కల మొదళ్ళు బయటపడి ఉంటాయి, కింద మొక్కల మొదళ్ళు జారిన మట్టిలో పూడి ఉంటాయి. పైన కప్పాలి, కింద తీసెయ్యాలి.

హోస్టాలు ఒక్కటే పెడితే చలికాలంలో వాలు బోడిగా మిగిలిపోతుంది. ఆకులన్నీ పోతాయి, మట్టిని వాన నేరుగా కొడుతుంది. అందుకని చలిలో కూడా ఆకు ఉంచే ఫెర్న్‌లు, కేరెక్స్ గడ్డి దుబ్బులు మధ్య మధ్య ఉండి తీరాలి. వసంతం మొదట్లో కనిపించే ఖాళీకి డాఫొడిల్ దుంపలు వేసుకోండి. అవి పూసి, ఆకు వాడిపోయే సమయానికి హోస్టా విచ్చుకుని ఆ వాడిన ఆకుని కప్పేస్తుంది. వాలు మరీ నిటారుగా ఉంటే, అంటే మూడడుగులు ముందుకి పోతే అడుగు కన్నా ఎక్కువ ఎత్తు ఎక్కే వాలు అయితే, మొక్కల మీద భారం వెయ్యకుండా రాతి మెట్లు కట్టించుకోండి. అది తోటమాలి పని కాదు, మేస్త్రీ పని.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. హోస్టా వైరస్ ఎక్స్ అని ఒకటుంది. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గుర్తించారు. మందు లేదు. మొక్క రసం ద్వారా, కత్తి ద్వారా, చేతుల ద్వారా పాకుతుంది. గుర్తులు ఏమిటంటే, ఈనెల వెంట సిరా ఊరినట్టు ముదురు రంగు పక్కకి పాకడం, ఆకు మీద ఉబ్బు, రంగు మచ్చలు మచ్చలుగా చెదిరిపోవడం. తమాషా ఏమిటంటే మొదట్లో ఆ మచ్చలు అందంగా ఉన్నాయని కొన్నిటికి కొత్త పేర్లు పెట్టి అమ్మేశారు కూడా. పసుపు ఆకుల మీద పచ్చ ఊరినట్టు కనిపిస్తే, అది ఎంత చవగ్గా ఇస్తున్నా వదిలెయ్యండి. అనుమానం ఉన్న మొక్కని వేళ్ళతో సహా తీసి చెత్తలో వెయ్యాలి, కంపోస్టులో కాదు. ఒక దుబ్బు విడదీశాక ఇంకోటి ముట్టుకునేముందు కత్తి శుభ్రం చేసుకోండి.

ప్రశ్నలు తీసుకుందాం. అమ్మా, మీరు... నత్తల గురించి. వాలులో నత్తల గొడవ దిగువ తడి భాగంలోనే ఎక్కువ. అక్కడ మందపు ఆకు రకాలే పెట్టండి, నీళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున్నే పొయ్యండి, రాత్రికి నేల పైపొర ఆరుతుంది. ఇంకా వస్తే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లుకోవచ్చు. అన్నట్టు, ఇంట్లో కుక్కలూ పిల్లులూ ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి, హోస్టా ఆకు తింటే వాటికి వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఇంకొకరు, అసలు చలే లేని చోట వీటిని పెంచొచ్చా అంటున్నారు. వద్దండీ. హోస్టాకి ఏటా కొన్ని వారాల పాటు 5 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగే చలి నిద్ర కావాలి. అది లేకపోతే మొదటి ఏడు బాగానే వస్తుంది, ఏటేటా చిన్నబడి పోతుంది. అలాంటి చోట నీడ వాలుకి కలాడియం అనే రంగు ఆకుల మొక్క పెట్టుకోండి. తెలుపు, లేత పచ్చ, గులాబీ అన్నీ దొరుకుతాయి, ఎక్కడ నిలబడి చూడాలి, నీరెక్కడ నిలుస్తుంది అన్న లెక్క దానికీ వర్తిస్తుంది.

ఆఖరి ప్రశ్న బాగుంది. రంగు మొక్క దుబ్బులోంచి ఒక పిలక మొత్తం పచ్చగా వచ్చింది, ఏం చెయ్యాలి? వెంటనే తీసెయ్యండి. ఈ రంగు రకాల్లో చాలావాటిలో ఆకు పొరలు వేరువేరు కణాలతో ఉంటాయి, ఒక్కోసారి పచ్చ పొర గెలిచేస్తుంది. పచ్చ పిలక బలంగా పెరుగుతుంది, రెండు మూడేళ్ళలో మిగతాదాన్ని మింగేస్తుంది. ఆకు కోస్తే చాలదు. పక్కన మట్టి తీసి, ఆ పిలక మొదలు కనిపించేదాకా వెళ్ళి, దాని వేళ్ళతో సహా కత్తితో విడదీసి తియ్యాలి. పారెయ్యక్కర్లేదు. ఇందాక మామూలు పచ్చ కావాలన్నాం కదా, తీసుకెళ్ళి రెండు అంచురకాల మధ్య నాటుకోండి.